రోడ్డుకు వీపు పెట్టిన హాలు

మా సినిమా హాలు ముఖం రోడ్డున పోయేవాళ్ళెవరికీ కనపడేది కాదు. తిరుపతి దాటి చంద్రగిరి వైపు పోతుంటే కుడిచేతి పక్కన, రెండు మామిడితోటల నడుమ, తాటిచెట్టంత ఎత్తున ఒక ఒట్టి గోడ లేచి ఉండేది. కిటికీ లేదు, తలుపు లేదు, బొమ్మ లేదు. బస్సులోంచి చూసినవాళ్ళు కొందరు దాన్ని చెనిక్కాయల గోడౌను అనుకున్నారు. జైలు అనుకున్నవాళ్ళూ ఉన్నారు. జైలన్న మాట ఎవరు పుట్టించారని మాత్రం అడగొద్దు. నేనే.

ఆ గోడ వల్లనే నాకు ఉద్యోగం దొరికింది. డెబ్భైల నడుమ సంగతి. అప్పటికి నాకు పాతికేళ్ళు నిండలేదు. హాలు యజమానిని మేమంతా మొదలాళి అనేవాళ్ళం. మా చిత్తూరు జిల్లాలో అరవం నుంచి అరువు తెచ్చుకొని మళ్ళీ తిరిగివ్వని మాటల్లో అదొకటి. ఆయన నన్ను గోడ కింద నిలబెట్టి, చేతికొక మైకు ఇచ్చి ఉద్యోగం వివరించాడు.

"ఇది సినిమా హాలని జనానికి చెప్పు. దావ ఎనకమాలకు ఉండాదని చెప్పు. అంతేనప్పా నీ పని."

"అంతేనా మొదలాళీ?"

"అదే కష్టం. నువ్వే సూస్తావు పో."

హాలును ఇలా తిప్పి ఎందుకు కట్టారన్న కథ నాకు మొదలాళి నోటనే తెలిసింది కాబట్టి ఇందులో నా చేయి తక్కువ. యాభైల్లో ఆయన నూనెమిల్లు నడుపుతూ, ఊరి బయట కొన్న ఈ సన్నటి పొడుగాటి స్థలంలో హాలు కట్టాలనుకున్నాడు. మద్రాసు నుంచి ఇంజినీరును పిలిపించాడు. ఇంజినీరు పద్ధతిగానే గీసుకొచ్చాడు. ముఖం దక్షిణాన రోడ్డుకు, తెర ఉత్తరాన చివర. కాగితం మంచం మీద పరిచి చూపిస్తుంటే మొదలాళి తల్లి వచ్చి వంగి చూసింది. సినిమా అన్నది జన్మలో చూడని మనిషి.

"జనాలు యాడ కూసుంటారు నాయనా?"

"ఇక్కడమ్మా. వెనక బాల్కనీ, ముందు కుర్చీలు, బెంచీలు, తెర దగ్గర నేల."

"నేల మీదోళ్ళు మూడు గంటలు బాసంపట్టు ఏసుకొని కూసోరు గదా. కాళ్ళు సాపుతారు. ఆ కాళ్ళు యా పక్కకు పోతాయి?"

అందరూ తలెత్తి ఉత్తరానికి చూశారట. అక్కడ కొండ ఉంది. ఏడుకొండలవాడి వైపు రోజుకు మూడు ఆటలు, వందల జతల కాళ్ళు.

"నడుమ తెరుంటుంది, గోడ ఉంటుందమ్మా" అన్నాడు ఇంజినీరు.

"గోడ అడ్డముంటే సామికి కనపడదా? ఎంత సదువు సదివినావు నాయనా నువ్వు?"

స్థలం సన్నం కాబట్టి హాలును అడ్డంగా తిప్పే వీలు లేదు. ఉన్నది ఒకటే దారి, తెర రోడ్డు పక్కకు రావాలి. అప్పుడు బంధువొకాయన, జనం కొండకు వీపు చూపించడం మాత్రం తప్పు కాదా అని మెలిక పెట్టాడు. ఆ తల్లి చటుక్కున, "కొండ దిగేటప్పుడు యెనక్కి నడిసి దిగతామా? ఈపు సూపిచ్చే గదా దిగేది!" అంది. మద్రాసు ఇంజినీరు ఆ పూట చేసిన పనల్లా కాగితాన్ని తలకిందులు చేసి మళ్ళీ పరచడమే.

అలా హాలు ముఖం కొండకు, వీపు రోడ్డుకు అయ్యాయి. ఆ ముఖాన్ని మీరు చూసి ఉండాల్సింది. నడిమధ్యన మెట్లుమెట్లుగా పైకి పోయే గోపురంలాంటి కట్టడం, దాని మీద రేకులో కోసిన అక్షరాలు. రెండు పక్కలా ఓడకుండే కిటికీల్లాగా గుండ్రటి కిటికీలు, మూడేసి. ముందుకు చాచిన వరండా కప్పు రెండు ఏటవాలు స్తంభాల మీద నిలబడి, ఎగరబోయే కొంగలా ఉండేది. లోపల నలుపూ తెలుపూ మొజాయిక్ పరిచిన మెట్లు వంపు తిరిగి బాల్కనీకి పోయేవి. టేకు కటకటాలు. మాట గింగురుమనకుండా గోడల నిండా సున్నంలో కొబ్బరిపీచు కలిపి గరుకు గరుకుగా పూసిన పూత. ఆడవాళ్ళ బెంచీలకు భుజమెత్తు అడ్డుగోడ. తెర వైపు నేల వాలు కోసం తవ్వనక్కర్లేదు, కొండవాలే సరిపోయింది. కాకపోతే కార్తీకం వానల్లో కొండ నీళ్ళు వరండా ఎక్కి, అదే వాలున టికెట్టు లేకుండా నేల తరగతి దాకా వచ్చేవి.

ఇంత అందం చేయించి చూపించింది ఎవరికి? మేకలకు. హాలుకూ కొండకూ నడుమ కంపచెట్లూ మేకలూ తప్ప మరేమీ లేవు. పక్క సందులోంచి చుట్టు తిరిగి వచ్చిన జనం మాత్రం ఒక్క నిమిషం ఆగి, నోరు తెరిచి చూసి లోపలికి పోయేవాళ్ళు. వాళ్ళ ముఖాలు చూసే భాగ్యం నాకు లేదు. నేను గోడ దగ్గర ఉండాలి.

నా కాపురం కూడా అక్కడే. తెరకూ గోడకూ నడుమ స్పీకర్లు పెట్టిన ఇరుకు గదిలో మంచం వేసుకున్నాను. చిత్తూరు పక్క పల్లెలో ఉండే మా నాయన ఒకసారి వచ్చి చూసి, "రోడ్డు మీద అరిసేదీ, గుడ్డ ఎనక పడుకొనేదీ ఒక పనంట్రా?" అని మంచినీళ్ళు కూడా తాగకుండా పోయాడు. ఆ పని చెప్పుకొని పిల్లనడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ రాలేదు, నాకూ రాలేదు. తెరకు సన్నటి చిల్లులుంటాయి, బొమ్మ వెనక్కి కూడా దిగుతుంది. నేనక్కడ ఉన్న ఏడేళ్ళలో వచ్చిన సినిమాలు దాదాపు అన్నీ వెనక నుంచే చూశాను. నా సినిమాల్లో అందరూ ఎడంచేత్తో అన్నం తిన్నారు, ఎడంచేత్తో తాళి కట్టారు. తెరకు అవతల ఊరు ఊరంతా కూర్చుని నావైపే చూస్తూ నవ్వేది. వాళ్ళు చూసేది నన్ను కాదని తెలిసినా, మొదట్లో నేనూ తిరిగి నవ్వేవాణ్ణి.

మధ్యాహ్నం ఆటకు మాకు దిక్కు యాత్రికులు. కొండ దిగి కాణిపాకం పోయే కోస్తా బస్సులు మా గోడ ఎదురుగా చింతచెట్ల కింద ఆగేవి. అక్కడే పొయ్యి పెట్టి వండుకు తిని, ఎండ తగ్గేదాకా ఏం చేయాలో తెలియక కూర్చునేవాళ్ళు. నేను మైకందుకొని, "సామీ, ఈ గోడ ఎనకమాల సినిమా ఉండాది, ఫ్యాన్లుండాయి, నీడుండాది, రాండి" అని పిలిచేవాణ్ణి. కొత్త గుండ్లకు గంధం పూసుకొని ముసలీ ముతకా లేచి వచ్చేవాళ్ళు. పైన ఆపరేటరు గది కంతలోంచి చూస్తే, తెర వెలుతురులో వరసలు వరసలుగా గుండ్లు మెరుస్తూ పౌర్ణమినాటి పుచ్చకాయల తోటలా ఉండేది హాలు. ఈ ఒక్కటి నేను పెంచి చెప్పడం లేదు.

ఆపరేటరు వేలూరు పక్కవాడు. ఇంట్లో తెలుగే, వీధిలో అరవం. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఇంటికి నెలకోసారి పోయి రెండో రోజుకు తిరిగొచ్చేవాడు, ఎందుకో చెప్పేవాడు కాదు, నేను అడగలేదు. రోజూ మధ్యాహ్నం ఆటకు ముందు గది వెనక కిటికీ తెరిచి కొండకు దండం పెట్టి, తర్వాతే కార్బన్ కడ్డీలు తాకించి బొమ్మకు వెలుతురిచ్చే మంట పుట్టించేవాడు. ఇంటర్వెల్ దాకా నేను గోడ దగ్గర నిలబడి ఆలస్యంగా వచ్చేవాళ్ళకు దారి చూపించాలి. ఇంటర్వెల్ బెల్లు కొట్టాక సంగటీ ఊరిబిండి పచ్చడీ పట్టుకొని పైకి ఎక్కేవాణ్ణి. ఇద్దరం తినేవాళ్ళం, నేను కథ మొదలుపెట్టేవాణ్ణి. చంద్రగిరి కోటలో నేను రాణిగారి దువ్వెన దొరకబట్టిన కథ. శ్రీహరికోటలో వదిలిన రాకెట్టు తోక మా చింతచెట్టులో ఇరుక్కున్న కథ. ఆయన కన్ను మంట మీదే, చెవి నా మీద. రీలు అయిపోయే బెల్లు మోగితే చేయెత్తి, "నిలుపు తంబీ" అనేవాడు. రెండో మిషను అందుకోగానే, "ఊఁ, రాణి ఏమంది?"

"దువ్వెన నువ్వే ఉంచుకో, నాకు జుట్టు ఊడిపోయిందనింది."

"పొయ్యి గుండు గీయించుకోమనకపోతివా, కొండ పక్కనే గదా!"

నా మాట మీద నవ్వడానికి జనం ఉన్నారు. తర్వాత ఏమైందని అడిగిన మనిషి మాత్రం ఆయనొక్కడే.

ఇక నేను చేసిన పని చెప్పాలి. ఆట మొదలైనాక ఇంటర్వెల్ దాకా గంటన్నర. ఎండ, రోడ్డు, గోడ, నేను. అప్పటిదాకా నాతో మాట్లాడిన జనాన్ని నా నోటితోనే లోపలికి తోలేసి, ఒంటరిగా మిగలడం నా ఉద్యోగం. ఒకరోజు ఒక బస్సువాళ్ళు పాతికమంది దాకా చింతచెట్ల నీడలో కూర్చుని ఉన్నారు. లేచి సందులోకి తిరగబోతూ ఒక పెద్దామె అడిగింది.

"ఏం బాబూ, తలుపు ఇటు పెట్టకుండా అటెందుకు పెట్టారు?"

జరిగిన కథ చెప్పి ఉంటే రెండు నిమిషాల్లో అయిపోయేది. వాళ్ళు లోపలికి పోయేవాళ్ళు. నాకు వాళ్ళు పోవడం ఇష్టం లేదు.

"అది చెప్పకూడదమ్మా" అన్నాను.

అంతే, పాతికమందీ కూర్చున్నారు.

"లోపల కూసున్నోళ్ళ ఈపు కొండకుంటాది. మాకైతే ఫర్వాలేదు, దినామూ ఉండేవాళ్ళం. మీరు సామిని సూసి దిగినోళ్ళు. దిగిన దినమే కొండకు ఈపు పెట్టి మూడు గంటలు కూసుంటే, సూసిన దర్శనం సూడనట్టే. మళ్ళా అలిపిరి కాడ్నుంచి మెట్లెక్కాల."

"అయ్యబాబోయ్! మూడువేల పైన మెట్లు! నా మోకాళ్ళు చూడు నాయనా!"

"అందుకే గదమ్మా చెప్పకూడదనింది."

ఒక్కరూ లోపలికి పోలేదు. అట్లా పోయి కూర్చున్నవాళ్ళ గతేమైందని అడిగారు. చెప్పాను. ఒకాయనకు గీయించుకున్న గుండు మీద మళ్ళీ జుట్టే మొలవలేదన్నాను. ఇంకొకాయన తెచ్చుకున్న లడ్డు ఊరు చేరేసరికి ఉప్పగా మారిందన్నాను. గంటన్నర నిమిషంలా అయిపోయింది. పోతూ పోతూ ఆ పెద్దామె నా తల నిమిరి, "పిల్లాపాపలతో చల్లగా ఉండు బాబూ, మా పుణ్యం నిలబెట్టావు" అంది. ఇంటర్వెల్‌లో పైకెక్కితే ఆపరేటరు, "ఏమి తంబీ, ఈ దినము ముఖం ఇంత వెలుగుతా ఉండాది?" అన్నాడు. ఆయనకు చెప్పలేదు. ఆయనకు చెప్పని మొదటి కథ అదే.

తర్వాత వారానికోసారి చెప్పాను. తర్వాత రోజుమార్చి రోజు. పుకారు అన్నదాన్ని నేను కనిపెట్టలేదు గానీ దానికి బస్సెక్కడం నేర్పింది నేనే. ఆర్నెల్లకు ఆ కథ నాకంటే ముందే చింతచెట్ల కిందికి చేరింది. నేను మైకందుకోగానే బస్సు డ్రైవర్లు నవ్వి చేయి ఊపేవాళ్ళు. "మాకొద్దులే అన్నా, మళ్ళీ మెట్లు ఎవరెక్కుతారు!" బస్సులు ఆగడమూ తగ్గింది, వంటలు ఇంకో చోటికి పోయాయి. మధ్యాహ్నం ఆటకు హాల్లో పది గుండ్లు, తర్వాత నాలుగు, ఒక్కోరోజు ఆపరేటరు ఖాళీ కుర్చీల మీదికి బొమ్మ వదిలేవాడు. ఒక మనిషన్నా ఉంటే ఆట నడపాలన్నది మొదలాళి పద్ధతి. ఆ ఒక్క మనిషీ దొరకని రోజుల్లో నేనే పోయి నేల మీద కూర్చున్నాను. కాళ్ళు చాపకుండా.

విరుగుడు కథ కట్టాను. కొండకు వీపు ఆనించి కూర్చుంటే స్వామి ఒళ్ళో కూర్చున్నట్టే, నడుంనొప్పి ఉన్నవాళ్ళకు పోతుంది అన్నాను. చింతచెట్ల కింద ఒకాయన సావధానంగా విని, "అలాగా? మరి జుట్టు మొలవనాయన సంగతేంటి?" అన్నాడు. భయపెట్టిన కథకున్న కాళ్ళు మంచి కథకు లేకపోయాయి.

ఎనభైల మొదట్లో ఒక పొద్దున మొదలాళి మా ఇద్దరినీ వరండాలోకి పిలిచాడు. హాలును కల్యాణ మంటపం చేస్తున్నానన్నాడు. తిరుపతిలో పెళ్ళి చేసుకోవాలని మొక్కుకునేవాళ్ళు పెరిగారు, కొండ ఎదురుగా ఇంత సింగారమైన వాకిలి ఇంకే మంటపానికీ లేదు. కుర్చీలు తీసేస్తారు. తెర ఉన్న గోడ పగలగొట్టి రోడ్డుకు గేటు పెడతారు. ఆపరేటరుతో, "నీకు పని లేకుండా పోతుందప్పా, ఏమీ అనుకోవద్దు" అన్నాడు. ఆయన సరేనని తలూపాడు. గోడ పోతే నా పనీ పోతుంది గానీ అది నాకు తట్టలేదు. ఆయన వేలూరు పోతాడు. ఇంటర్వెల్‌లో నేను ఎక్కడానికి ఇక గది ఉండదు. దానికి కారణం నేను. మనసులో మెదిలింది అదొక్కటే.

ఆ సాయంత్రం మొదలాళి ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పేశాను. నేనే యాత్రికులను బెదరగొట్టానని, నన్ను తరిమేసి హాలును ఉంచమని. ఆయన కోపం తెచ్చుకుంటాడని కాచుకున్నాను. ఆయన కడుపు పట్టుకొని నవ్వాడు.

"నీ మాటకు అంత బలముంటే, ఏడేండ్లుగా మైకులో రాండి రాండని పిలస్తా ఉండావు గదప్పా, హాలు నిండిపోయుండల్ల! బస్టాండు కాడ కొత్త హాళ్ళు రెండొచ్చె, యాత్రోళ్ళు ఆడికే పోతా ఉండారు. పో, పొయ్యి అన్నం తిను."

ఆ లెక్క ప్రకారం నేను ఏ తప్పూ చేయలేదు. అది ఓదార్పు కావాలి. కాలేదు.

ఆపరేటరు బయలుదేరింది ఒక మధ్యాహ్నం, సరిగ్గా మా ఆట మొదలయ్యే వేళకు. రేకు పెట్టె నేను మోశాను. బస్టాండులో వేలూరు బస్సు నిండలేదు, కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను కింద నిలబడి కిటికీ చువ్వలు పట్టుకున్నాను. ఏడేళ్ళు ఆయనకు చెప్పినవన్నీ కోతలు. ఇదొక్కటి నిజంగా చెప్పి పంపాలనుకున్నాను.

"అన్నా, హాలు మూతపడింది నా వల్ల."

"ఊఁ?"

పెద్దామె మోకాళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పాను. ఎండ, గంటన్నర, నా తల నిమిరిన చేయి, ఉప్పగా మారిన లడ్డు, ఖాళీ కుర్చీలు, నన్ను తరమమని మొదలాళి ఇంటికి పోవడం. ఏదీ పెంచలేదు. ఆయన ముందు చిరునవ్వుతో విన్నాడు. జుట్టు మొలవనాయన దగ్గరికి వచ్చేసరికి భుజాలు అదిరాయి. లడ్డు దగ్గర కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు.

"నిజమన్నా. నీ మీదాన నిజం."

"తెలుసు తంబీ, తెలుసు, నీవన్నీ నిజమే గదా! మొదలాళి కాడికి పొయ్యి నన్ను తరమండి అంటివా? అబ్బబ్బా! పోతా పోతా నన్ను ఏడిపిస్తావనుకుంటి, ఇట్ల నవ్విస్తివే!" పక్క సీటు పెద్దాయన వైపు తిరిగి, "మా తంబి. ఇట్లాంటోడు మీకు జిల్లాలో దొరకడు" అన్నాడు. బస్సు కదిలింది. మలుపు దాకా ఆయన చేయి ఊపుతూనే ఉన్నాడు, నవ్వుతూనే ఉన్నాడు.

నెల తర్వాత ఆయన దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చింది. గుండ్రటి అక్షరాలు. "తంబికి ఆశీర్వాదం. ఇక్కడ వేరే హాల్లో చేరినాను. నువ్వు బస్టాండులో చెప్పిన కథ ఇక్కడ అందరికీ చెప్పినాను. శానా నవ్వినారు."

వెంటనే జవాబు రాశాను. అది కథ కాదన్నా, నిజంగా జరిగింది, నన్ను తిట్టి ఒక కార్డు రాయి చాలు అని రాశాను.

పదిహేను రోజులకు రెండో కార్డు వచ్చింది. "తంబికి ఆశీర్వాదం. ఇది ముందు దానికన్నా బాగుండాది. ఇది కూడా చదివి వినిపించినాను. తర్వాత ఏమాయెనో రాయి."

ఏమైందో రాయడానికి చాలాసార్లు కార్డు తీసుకొని కూర్చున్నాను. పైన ఆయన పేరూ ఊరూ రాసేవాణ్ణి. కింద ఏమి రాసినా ఆయన నవ్వుతాడని తెలిసి, అక్కడే ఆపేసేవాణ్ణి.